లోపల ఎవరూ లేరు

వేలిముద్రల హాజరు యంత్రం మళ్లీ కీచుమంది. రాజనర్సు చూపుడువేలు లుంగీకి తుడుచుకుని మళ్లీ పెట్టాడు. ఎర్రలైటు. బొటనవేలు పెట్టి చూశాడు. ఎర్రలైటే. వెనక వరసలో వానకు తడుస్తున్నవాళ్లు హిందీలో ఒకడు, ఒరియాలో ఒకడు విసుక్కున్నారు. గాజు తలుపు అవతల కంప్యూటర్ ముందు కూర్చున్న సోమలింగం, లోపలికి పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

"నేను ఎక్కిస్త తియ్యి కాకా, నువ్వు పో."

"ఆఁ?" రాజనర్సు చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకున్నాడు.

"నేను ఎక్కిస్తా అంటున్న!"

ముసలాయన నవ్వాడు. నలభై ఏళ్లు మగ్గాల మోతలో ఉన్నవాడు, ఎదుటివాడి మాటను పెదవుల మీదే చూసి తెలుసుకుంటాడు. "నా ఏళ్లల్ల ఏమున్నది బిడ్డా, గీకెటందుకు. అంత రంగే తిన్నది," అని తన వేళ్లు తానే ఓసారి తిప్పి చూసుకున్నాడు. గోళ్ల మొదళ్లలో నీలం పేరుకుపోయి ఉంది. వేలి చివర్లు నునుపుగా, అరిగిన నాణేల్లా ఉన్నాయి. నడుము మీద చెయ్యి వేసుకుని మెల్లగా అద్దకం షెడ్డు వైపు వెళ్లిపోయాడు.

వేలిముద్ర పడనివాళ్లను పనిలో ఉంచొద్దని మేనేజర్ హస్ముఖ్‌భాయ్ పోయినేడే చెప్పాడు. సోమలింగం "సరే సాబ్" అన్నాడు. ఆ మర్నాటి నుంచే రాజనర్సు పేరు ఎదురుగా రోజూ తనే టైం కొట్టడం మొదలుపెట్టాడు. మొదట్లో పొద్దున వచ్చిన టైం పొద్దున, సాయంత్రం వెళ్లిన టైం సాయంత్రం కొట్టేవాడు. ఒకరోజు సాయంత్రం మరిచిపోయాడు. బయటికి వెళ్లిన టైం లేకపోతే ఆ రోజు పనికి రానట్టేనని సాఫ్ట్‌వేర్ లెక్క. రాజనర్సుకు ఆ రోజు కూలి పోయింది. ఆయన మర్నాడూ ఎప్పటిలాగే పనికొచ్చాడు గాని, సోమలింగానికి రెండు రోజులు అన్నం సయించలేదు. మళ్లీ మరిచిపోతానేమోనన్న భయంతో అప్పటినుంచి రెండు టైములూ పొద్దున్నే కొట్టేస్తున్నాడు. ఈరోజూ కొట్టాడు.

భయం అతనికి చిన్నప్పటి నుంచీ తోడు. సన్నటి మనిషి. మెడ దాకా బొత్తాలు పెట్టుకుంటాడు. కూర్చున్నంతసేపూ బల్ల కింద మోకాలు ఆడుతూనే ఉంటుంది. సిరిసిల్ల నుంచి ఈ గుజరాతీ నగరానికి వచ్చిన తండ్రి పర్వత్ పాటియా బస్తీలో ఒక ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, పనిచేసేవాడు. బడి లేనప్పుడు సోమలింగం అక్కడే కండెలు చుట్టేవాడు. ఒకనాడు తిరుగుతున్న మగ్గంలోంచి దారం మోసే నాడె ఎగిరొచ్చి పక్క మగ్గం మనిషి కంట్లో దిగింది. అందరూ కేకలు పెడుతూ నిలబడిపోతే, ఆ మనిషిని భుజాన వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తింది రాజనర్సు. తిరిగొచ్చాక, నెత్తుటి చొక్కాతోనే సోమలింగం తండ్రితో అన్నాడు. "అన్నా, గీ పోరన్ని మగ్గం మీద పెట్టకు. ఆని కండ్లు సూడు, ఎట్ల బెదిరినయో. వేరే పనేదన్న నేర్పియ్యి."

ఆ వేరే పని కంప్యూటర్ అయింది. సాయంత్రం క్లాసులో టైపు నేర్చుకున్నాడు. చీరల మార్కెట్‌లో బిల్లులు కొట్టాడు. తర్వాత ఇచ్ఛాపూర్‌లోని ఈ అద్దకం మిల్లులో కుదిరాడు. ఎవరూ చెప్పకుండానే, పుస్తకాలు కొనుక్కుని, డేటాబేస్ పని తెలుసుకున్నాడు. అది అతనికి నచ్చింది. పెట్టినది పెట్టినచోటే ఉంటుంది. అడిగితే చూపిస్తుంది. ఇక్కడ తప్పు చేస్తే తెర మీద ఎర్రక్షరాలు వస్తాయి, నెత్తురు రాదు అనుకునేవాడు.

అయినా భయం పోలేదు, రూపం మార్చుకుంది. పొద్దున రాగానే నిన్నటి డేటాకు నకలు తీస్తాడు. తీసి ఊరుకోడు, ఆ నకలు తెరుచుకుంటుందో లేదో వేరే కంప్యూటర్‌లో తెరిచి చూస్తాడు. తెరిచి చూడని నకలు ఉన్నా లేనట్టేనని అతని నమ్మకం. ఏదైనా తుడిచెయ్యాల్సి వస్తే, ముందు తుడిచెయ్యబోయేవన్నీ చూపించమని అడుగుతాడు, మంచినీళ్లు తాగుతాడు, మళ్లీ చూస్తాడు, అప్పుడు తుడుస్తాడు. ఎక్సెల్ ఫైళ్లంటే అతనికి పాములపుట్టలో చెయ్యి పెట్టినట్టు. ఏ గడిలో ఎవరు ఎప్పుడు వేలు పెట్టారో తెలియదు. ఆఫీసులో ఒకే లెక్కకు 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'అసలు ఫైనల్' అని మూడు ఫైళ్లు తిరుగుతుంటాయి. వాటిలో ఏది అసలుదో అడిగితే ముగ్గురు మూడు చెబుతారు. ఖాళీ గడి కనబడితే అతను ఆగిపోతాడు. ఖాళీ అంటే సున్నా కాదు, తెలియదని అర్థం. రిపోర్టులోకి వెళ్లేసరికి రెండూ ఒకేలా కనబడతాయి. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా హస్ముఖ్‌భాయ్ నవ్వి, "సోమ్‌భాయ్, ఇంత ఆలోచిస్తే జుట్టు రాలిపోద్ది" అనేవాడు.

ప్రమాదం జరిగితే లోపల ఎవరున్నారో తెలియాలని ఎండాకాలంలో ఫ్యాక్టరీ ఇన్స్పెక్టర్ అడిగాడు. హస్ముఖ్‌భాయ్ తన ఫోన్లో కనబడేట్టు ఒక తెర తయారు చెయ్యమన్నాడు. సోమలింగం చేశాడు. బయటికి వెళ్లిన టైం ఉన్నవాడు పచ్చ, లేనివాడు ఎరుపు. ఎర్ర పేర్లన్నీ పోతే మిల్లు ఖాళీ అయినట్టు. చేస్తున్నప్పుడు రాజనర్సు సంగతి గుర్తుకు రాకపోలేదు. పొద్దున ఎనిమిది నుంచే పచ్చగా ఉండే పేరు అదొక్కటే. ఈ తెర ఎవరు చూస్తార్లే, తర్వాత సరిచేద్దాం అనుకున్నాడు. వేరే పనులు మీద పడ్డాయి.

మధ్యాహ్నం అన్నాలయ్యాక వాన పెద్దదైంది. అద్దకం షెడ్డును ఆనుకుని ఉన్న రంగుల గోడౌన్ రేకులు ఎప్పటినుంచో కారుతున్నాయి. అక్కడ డబ్బాల్లో ఉండే ఒక తెల్లటి పొడికి నీళ్లు తగిలితే దానంతటదే రాజుకుంటుంది. సోమలింగానికి ముందు వాసన వచ్చింది, కుళ్లిన గుడ్డూ కాలిన అగ్గిపుల్లా కలిసినట్టు. తర్వాత గొంతులో మంట. ఆ తర్వాత సైరన్. అతను లేచిన తీరుకు కుర్చీ వెనక్కి పడింది. డేటా నకలు ఉన్న డిస్కు ఒక్కటి జేబులో వేసుకుని, అందరితోపాటు గేటు వైపు పరిగెత్తాడు. గేటు దగ్గర యంత్రం ముందు తోపులాటలోనూ వేళ్లు పెడుతున్నారు జనం, కూలి పోతుందని. తడివేళ్లు పడనివాళ్ల పేర్లు సెక్యూరిటీ వాళ్లు కొడుతున్నారు.

షెడ్డు మీద పసుపుపచ్చటి పొగ లేచింది. వానలో అది పైకి పోలేక రేకుల మీదే దొర్లుతోంది. ఫైరింజన్ వచ్చింది. దిగిన ఆఫీసర్ అడిగిన మొదటి మాట, "లోపల ఎవరైనా ఉన్నారా?"

హస్ముఖ్‌భాయ్ ఫోన్ చూశాడు. తెర మీద ఒక్కో పేరే ఎరుపు నుంచి పచ్చకు మారుతోంది. ఆఖరుది కూడా మారింది. అతను ఊపిరి వదిలాడు.

"లేరు సాబ్. లోపల ఎవరూ లేరు. సిస్టంలో ఉంది, చూడండి."

ఆఫీసర్ తెర చూసి తల ఊపాడు. మాస్కులు తగిలించుకుంటున్న ఇద్దరిని ఆగమన్నాడు. ఈ పొగలోకి ఊరికే మనుషుల్ని పంపను, నీళ్లు కాకుండా ఇసుక, పొడి బయటినుంచే కొడదాం అన్నాడు.

సోమలింగం గుంపులోకి చూశాడు. అందరూ తలల మీద ప్లాస్టిక్ సంచులు, తడిగుడ్డలు కప్పుకుని ఉన్నారు. ఎవరు ఎవరో తెలియడం లేదు. "కాకా!" అన్నాడు. ఒక వంగిన వీపు కనబడితే వెళ్లి భుజం పట్టి తిప్పాడు. ఎవరో ఒరియా మనిషి. చాయ్‌కి పోయుంటాడు, తప్పకుండా చాయ్‌కే పోయుంటాడు అనుకున్నాడు. రోడ్డు దాటి చాయ్ బండి దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ లేడు. పక్కన పాన్ డబ్బా వెనక చూశాడు. బస్సు షెడ్డులో చూశాడు. చూస్తున్నంతసేపూ అతనికి లోలోపల తెలుస్తూనే ఉంది. సైరన్ వినబడని మనిషి బస్సు షెడ్డులో ఎందుకుంటాడు? ఆ మాట పైకి అంటే, ఆ టైం నేనే కొట్టానని కూడా అనాలి. హస్ముఖ్‌భాయ్ ముందు, పోలీసుల ముందు అనాలి. భార్య ఊర్మిళ మొహం కళ్లముందు కదిలింది. చూసిన పాన్ డబ్బా వెనకే మళ్లీ చూశాడు.

తర్వాత కాళ్లే అతన్ని వెనక్కి తీసుకొచ్చాయి. ఆఫీసర్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఒక మనిషి ఉన్నడు సాబ్. లోపల ఒక మనిషి ఉన్నడు." తెలుగులో అంటున్నానని గుర్తొచ్చి హిందీలో చెప్పాడు.

"సిస్టంలో..." హస్ముఖ్‌భాయ్ ఫోన్ ఎత్తి చూపించబోయాడు.

"అది నేను కొట్టిన, పొద్దుగాల. ఆయన ఏళ్లు పడవు. ఆయన బయటికి రాలేదు సాబ్. ఆయనకు చెవులు వినబడవు."

హస్ముఖ్‌భాయ్ అతని మొహంలోకి చూశాడు. ఆఫీసర్ చెయ్యి విడిపించుకుని మాస్కులవాళ్లకు కేక వేశాడు.

వాళ్లు లోపల ఉన్నంతసేపూ సోమలింగం గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. తీసేశారు. వాన సన్నబడింది.

ఆయన్ని నేయగానే మిల్లుకొచ్చిన తెల్లటి బట్ట మీద మోసుకొచ్చారు. ఒంటి మీద ఒక్క గాయం లేదు. అద్దకం షెడ్డు మెట్ల కింద, గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడట, అలిసిపోయినవాడిలా. ఫైరింజన్ పక్కన పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. కాసేపటికి ఆక్సిజన్ పెట్టిన కుర్రాడు ఆ మాస్కు తీసేసి ఆఫీసర్ వైపు చూశాడు. ఆఫీసర్ టోపీ తీశాడు. అంతే. ఎవరూ ఏడవలేదు. ఏడ్చేవాళ్లు పర్వత్ పాటియాలో ఉన్నారు.

సోమలింగం ముందుకెళ్లి అడిగాడు. "సాబ్, జర ముందుగాల చెప్తే బతుకునా?"

ఆఫీసర్ తడిసిన బూట్ల వైపు చూసుకుంటూ, "ఎట్లా చెప్పను భాయ్. తెలియదు," అన్నాడు.

పొగ పోయాక హస్ముఖ్‌భాయ్ అతన్ని ఆఫీసు గదిలోకి పిలిచాడు. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. పడిన కుర్చీ పడినట్టే ఉంది. హస్ముఖ్‌భాయ్ దాన్ని ఎత్తి సరిగ్గా పెట్టి, కూర్చోమన్నాడు. మెల్లగా, కోపం లేకుండా మాట్లాడాడు.

"సోమ్‌భాయ్, ఆయన బయటికి వెళ్లినట్టు సిస్టంలో ఉంది. ఉండనీ. వెళ్లాడు, ఏదో మరిచిపోయి వెనక దారిలో మళ్లీ వచ్చాడు. నువ్వు గాభరాలో ఏదో అన్నావు. ఎవరూ అడగరు. నీకూ మంచిది, మిల్లుకూ మంచిది. ఎవరు కొట్టారో ఆ లాగ్‌లో ఉంటుంది కదా, ఆ ఒక్క వరస తీసెయ్యి."

సోమలింగం కూర్చున్నాడు. అలవాటుగా, ముందు చూపించమని అడిగాడు. వరస వచ్చింది. రాజనర్సు పేరు, ఈనాటి తేదీ, కొట్టినవాడి పేరు దగ్గర తన పేరు. మంచినీళ్ల సీసా అందుకున్నాడు. రెండు గుక్కలు తాగి మళ్లీ చూశాడు. తుడిచెయ్యడానికి ఒక్క మీట చాలు. జీవితంలో ఎప్పుడూ ఇంత భయం వెయ్యలేదు. నాడె ఎగిరొచ్చిన రోజు కూడా ఇంత వెయ్యలేదు. ఆ రోజు తను ఏమీ చెయ్యాల్సిన పని లేదు, పరిగెత్తింది ఇంకొకరు.

"తియ్యను సాబ్," అన్నాడు. అతనికే సరిగ్గా వినబడలేదు. మళ్లీ అన్నాడు. "ఆయన బయటికి పోలేదు. నేను కొట్టిన. గట్లనే ఉండనీ. అడిగితే గదే చెప్త."

హస్ముఖ్‌భాయ్ లేచి కిటికీలు ఒక్కొక్కటే మూశాడు. "రేపటి నుంచి రాకు," అన్నాడు. "పోలీసులు పిలిస్తే పో."

"సరే సాబ్."

మెట్లు దిగి ఆఖరి మెట్టు మీద కూర్చున్నాడు. అక్కడి నుంచే రాజనర్సు భార్య బుచ్చవ్వకు ఫోన్ చేశాడు. అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు. అవతల చాలామంది గొంతులు. బుచ్చవ్వ ఒక్కటే అడిగింది.

"ఆయన సామాన్లేమన్న ఉంటె తెస్తవా బిడ్డా?"

"తెస్త కాకీ," అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాలి. అది ఫోన్లో చెప్పే మాట కాదు, ఆమె ముందు కూర్చుని చెప్పాలి. ఆ తర్వాత ఆమె ఏమంటుందో తలుచుకోవడానికే ధైర్యం చాలలేదు.

కూలీలు బట్టలు మార్చుకునే గది షెడ్డుకు ఆ పక్కన ఉంది. పొగ అటు రాలేదు. పొద్దున వచ్చినవాళ్లంతా ఎవరి బట్టలు వాళ్లు పట్టుకెళ్లిపోయారు. గోడ పొడవునా మేకులన్నీ బోసిగా ఉన్నాయి. మూలమేకుకు మాత్రం ఒక తెల్లచొక్కా వేలాడుతోంది, ఇస్త్రీ మడత నలగకుండా, ఇంటికెళ్లేటప్పుడు మెడపట్టీ మాయకుండా లోపల మడిచిపెట్టిన చేతిరుమాలుతో, ఆ రుమాలు జారకుండా గుచ్చిన పిన్నీసుతో.