రెండో షాట్‌లో బొట్టు

మా ఆయన హత్య జరిగిన ముందుగదిలో ఒక షాట్‌లో నాకు బొట్టు ఉండదు, తర్వాతి షాట్‌లో ఉంటుంది. అరవై ఏళ్ళుగా ఇదే సినిమాలో ఉంటున్నాను కాబట్టి నాకిది అలవాటే. ఇన్‌స్పెక్టర్ ఎడమచేతి గడియారం కూడా గుమ్మం దాటేసరికి కుడిచేతికి వస్తుంది. ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. నా నుదురు చూసి మాత్రం ప్రేక్షకులు పకపకా నవ్వుతారు.

నిజానికి అది మేకప్ చేసే సూరాంబ పని. షూటింగులో భోజనాల వేళ, "బోసి నుదుటితో అన్నం ముందు కూర్చుంటావుటే? నా కళ్ళతో చూళ్ళేను" అని నాకు బొట్టు పెట్టింది. తిన్నాక తుడవడం మర్చిపోయింది.

ఈరోజు మ్యాట్నీ మధ్యలో తెర పక్కనుంచి ఒకాయన మా ఇంట్లోకి వస్తాడు. పేరు ఫణిభూషణం. పాత సినిమాల్లో తప్పులు దిద్దడం ఆయన ఉద్యోగం. చేతిలో తడి దూది ఉంది.

"నుదురు ఇలా ఇవ్వండమ్మా, ఒక్క క్షణం."

"ఎందుకండీ?"

"మీ ఆయన పోయారు కదా."

నేను సోఫా వైపు చెయ్యి చూపిస్తాను. మా ఆయన భుజంగరావు గుండెలో కత్తితో పడుకుని ఉన్నాడు. పొట్ట మాత్రం హాయిగా లేచి పడుతోంది.

"ఊపిరాడుతున్న మనిషి పెళ్ళాం బొట్టెందుకు తీస్తుందండీ?" అంటాను.

శవం ఒక కన్ను తెరుస్తుంది.

"మధ్యలో నన్నెందుకు లాగుతావే కుముదినీ! పెద్దమనిషి ఇంత దూరం వచ్చాడు, తుడవనీ" అని మా ఆయన ఊపిరి బిగబట్టేస్తాడు. పొట్ట ఆగిపోతుంది.

నాకు ఒళ్ళు మండిపోతుంది. నా కోసం ఒక్క పూట ఊపిరి పీల్చలేని మనిషి!

"మీ ఊపిరితో నాకు పనేంటి? మీ మొహం చూడకముందు నుంచీ నాకీ బొట్టుంది. పోయింది మీరు, నేను కాదు."

"కథకి పొసగదమ్మా" అంటాడు ఫణిభూషణం.

"అయితే కథనే సర్దుకోమనండి."

ఆయన తుడుస్తాడు. బొట్టు పోతుంది, చెయ్యి తీయగానే వస్తుంది. మళ్ళీ తుడిస్తే రూపాయి బిళ్ళంత అవుతుంది. దూది తెల్లగానే ఉంటుంది. ఆయన అలిసిపోయి శవం పక్కన, సోఫా అంచున కూర్చుంటాడు.

నవ్వుతున్న ప్రేక్షకుల్లో నవ్వని ఒకామె బెంచీ మీంచి లేస్తుంది. బోసి నుదురు. తెర అంచు పట్టుకుని పైకెక్కి, "నాకూ పెట్టమ్మా, మావాళ్ళు తుడిచేశారు" అంటుంది.

నా నుదురు ఆమె నుదుటికి ఆనిస్తాను. విడిపడేసరికి ఇద్దరికీ ఉంటుంది. ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక మరొకామె. ముందుగది నిండిపోతుంది. హంతకుణ్ణి పట్టుకోవడానికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు గానీ అడుగు పెట్టే చోటు లేదు. నేను ఆగండి అంటే ఆగుతాడు.

సినిమా అయిపోయే వేళకి "శుభం" వస్తుంది. రోజూ తిన్నగా తెర మధ్యకొచ్చి నిలబడేది, ఇవాళ ఆడవాళ్ళ వరసలో చివర నిలబడుతుంది. ఎదురు రావద్దని ఇన్నాళ్ళూ మమ్మల్ని పక్కకి తప్పించింది ఈ మాటే. తన వంతు వచ్చాక గడప దాటి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంటుంది. ఒళ్ళంతా చెమట. ఆ తెల్లటి అక్షరాల్లో నుదురెక్కడుందో నేను వేళ్ళతో తడుముతున్నాను.