వచ్చి చూసి వెళ్ళిన మనిషి

ప్రభుత్వ బియ్యం కోసం మాల్సుక్ అవ్వ కొరియాలోని దేగు నగరపు కొండవాడ నుంచి సంక్షేమ ఆఫీసుకు నాలుగుసార్లు దిగి ఎక్కింది. వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక కాగితం తక్కువైంది. చివరికి, ఇంటికే వచ్చి చూస్తామన్నారు.

ఇంటికొచ్చిన మనిషిని వట్టి కడుపుతో పంపితే పరువేం కాను? అవ్వ పక్కింట్లో గ్లాసెడు బియ్యం, రెండు గుడ్లు అరువు తెచ్చింది. జాడీ అడుగున మిగిలిన కిమ్చీ క్యాబేజీ పచ్చడితో పులుసు కాచింది.

ఆఫీసు నుంచి వచ్చిన హ్యేరిన్ బల్ల మీది భోజనం చూసి కంగారుపడింది. "నాకెందుకవ్వా ఇవన్నీ?"

"చెంచా పట్టమ్మా. తినకుండా గడప దాటావో, చూడు!"

"మరి మీరు?"

"నేనెప్పుడో తిన్నాలే. ఈ వయసులో ఎంత తింటాం?"

హ్యేరిన్ మొహమాటపడుతూనే గిన్నె ఖాళీ చేసి, కాగితం మీద ఏదో రాసుకుని, వంగి దండం పెట్టి వెళ్ళింది.

వారానికి ఉత్తరం వచ్చింది. బియ్యం అరువిచ్చిన పక్కింటామే చదివిపెట్టింది. "ఇంట్లో తిండికి కొరత కనబడలేదు. దరఖాస్తు తిరస్కరించడమైనది."

అవ్వ ఖాళీ జాడీ కడిగి బోర్లించింది.

"పులుసు ఎలా ఉందో రాయలేదూ?" అంది.