పొగ లేని అరగంట

మూడో బకెట్ నీళ్ళు రంపపు పొట్టు మీద పోసి, మేస్త్రి పారతో కలిపాడు. మరీ తడిస్తే మంట ఆరుతుంది, పొడిగా ఉంటే పొగ రాదు. పిడికిట పిసికితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. దాని మీద నాలుగు టైరు ముక్కలు పేర్చి, పొయ్యిలోకి ఎగదోసి, బయటికొచ్చి తలెత్తి చూశాడు. గొట్టం చివర పొగ నల్లగా, లావుగా లేచింది. ఏడయింది. పని మొదలైనట్టే.

మిల్లు మూతపడి మూడేళ్ళు. మగ్గాలు తూకానికి పోయాయి. గోదాము రేకులు ఎవరు పట్టుకుపోయారో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. మిగిలింది బాయిలర్ గది, గొట్టం, ఈయన. నదికి అవతల పొరుగు దేశం. అక్కడా ఇలాంటి మిల్లే, ఇలాంటి గొట్టమే. పెట్టుబడులు పెట్టే పరదేశి కంపెనీలవాళ్ళు వంతెన మీద కారాపి రెండు ఒడ్డులూ చూసిపోతారట. పొగ ఉన్న దేశం ఎదుగుతున్నట్టు, లేనిది చితికినట్టు. అందుకని మిల్లు లేకపోయినా పొగ ఉండాలని పైనుంచి ఉత్తరువు. ఏడు నుంచి అయిదు దాకా.

ముప్పై ఒక్క ఏళ్ళుగా బాయిలర్‌కి నిప్పు వేసిన మనిషి. పని నేర్పిన ముసలాయన మొదటి వారంలోనే చెంప పగలగొట్టాడు, గొట్టం మీద నల్లపొగ కనిపించిందని. పొగంటే కాలని బొగ్గు. కాలని బొగ్గంటే చేతకాని చెయ్యి. ఆ తర్వాత ఈయన గొట్టం చూసి మిల్లు నడుస్తోందో లేదో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఇప్పుడు అదే చేతికి నల్లపొగ చేసినందుకు జీతం.

పోయిన గురువారం ఓర్చుకోలేకపోయాడు. పాత పెట్టెల చెక్క ఎండింది దొరికితే సన్నగా చీల్చి, పలచగా పరిచి, గాలి సరిచేసి కాల్చాడు. అరగంట సేపు గొట్టం మీద వేడికి గాలి వణకడం తప్ప ఏమీ లేదు. గట్టు మీద నిలబడి మురిసిపోతుంటే, అవతలి గొట్టం మీద పొగ కూడా పలచబడింది. తెల్లబడింది. పోయింది.

అప్పటినుంచి నిద్ర లేదు. అది జవాబా? వెక్కిరింతా? వల పన్నడమా? అవతలి నల్లపొగ మీద ఈయనకు రెండేళ్ళుగా అనుమానమే. నడిచే మిల్లులో ఎవడూ అంత అధ్వానంగా నిప్పు వెయ్యడు. అక్కడా తడిపొట్టే, టైర్లే. అయితే అక్కడా చేతనైనవాడొకడు తల దించుకుని కూర్చున్నాడన్నమాట. అది తేలాలి. తనొక్కడే కాదని తేలితే ఈ ముష్టి పని ఇంకో పదేళ్ళయినా చేస్తాడు.

సోమవారం నుంచి గేటు దగ్గర కొత్త వాచ్‌మన్. మేస్త్రి నది వైపు తిరిగినప్పుడల్లా పుస్తకంలో ఏదో గీస్తాడు.

మధ్యాహ్నం భార్య అన్నం తెచ్చింది. గిన్నె చేతికివ్వకుండా తన చీర కొంగు మీద మసి చూపించింది.

"పొద్దున ఉతికిందయ్యా ఇది. వీధిలో ఆడవాళ్ళు నన్ను చంపుకు తింటున్నారు. మీ ఆయన దేశసేవంతా మా బట్టల మీదేనా అని."

"తీగ లోపల కట్టుకోమను."

"ఎంతమందికి చెప్తావు? అది సరే, నిన్న ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. మీ ఆయన అస్తమానం నది వైపు ఏం చూస్తాడమ్మా అని అడిగారు."

మేస్త్రి గిన్నె అందుకుని మూత తీశాడు. "ఏం చెప్పావే?"

"ఇంట్లో ఉన్న పెళ్ళాన్నే చూడడు, నదవతల ఏం చూస్తాడయ్యా అన్నాను." నవ్వబోయి ఆగిపోయింది. "ఏం చేశావు నువ్వు?"

"నిప్పేశాను."

"అందరూ వేస్తారు నిప్పు. నీ దగ్గరికే ఎందుకొస్తారు?"

మేస్త్రి గబగబా తినేసి గిన్నె తిరిగిచ్చాడు. ఆమె ఖాళీ గిన్నె పట్టుకుని, వెనక్కి చూసుకుంటూ వెళ్ళింది.

మూడింటికి జీపు వచ్చింది. పరిశ్రమల ఆఫీసరు దిగాడు. బాయిలర్ గదిలో ఉన్న ఒక్క కుర్చీ తుడిచి చూపించినా కూర్చోలేదు.

"గురువారం పదకొండూ పది నుంచి అరగంట మన పొగ లేదు. పదకొండుంబావు దాటాక అవతలా లేదు. ఏమిటయ్యా ఈ జోడీ?"

"ఎండుచెక్క వేశాను సార్. శుభ్రంగా కాలింది."

"వాడూ అదే రోజు ఎండుచెక్క వేశాడా? ఎంతిస్తున్నారు నీకు?"

ఇక్కడే మేస్త్రి పొరబడ్డాడు. పై ఆఫీసరు కోపంగా ఉంటే మంచి కబురు చెప్పి చల్లార్చాలనుకున్నాడు. దేశానికి ఇంతకన్న మంచి కబురు ఏముంటుంది?

"సార్, అవతలి మిల్లు కూడా చచ్చిపోయింది. వాళ్ళదీ ఉత్త పొగే. మనం భయపడక్కర్లేదు."

ఆఫీసరు సంతోషించలేదు. తలుపు దగ్గరగా వేశాడు.

"నీకెలా తెలుసు?"

"పొగ చూస్తే తెలిసిపోతుంది సార్. నిప్పు వేసే ఎవడికైనా తెలుస్తుంది."

"ఎవడికైనా?"

"ఎవడికైనా."

"అయితే మన పొగ చూసి వాళ్ళకీ తెలుసన్నమాట."

పొయ్యిలో టైరు ముక్క చిటపటమంది. ఆ మాట మేస్త్రి ఎప్పుడూ అటు నుంచి ఆలోచించలేదు.

"ఇంకెవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు సార్. మా ఆవిడక్కూడా."

"మంచిది. పద, మాట్లాడి పంపించేస్తాం. జేబుల్లో ఏముందో ఇక్కడ పెట్టు."

దువ్వెన. సగం వాడిన దగ్గుమాత్రల అట్ట. అరచేతిలో ఇమిడే నీలం గాజుపలక.

"ఇదేంటి? దీంతో అవతలికి మెరిపిస్తావా?"

"మంట చూసేది సార్. కళ్ళు పోకుండా."

ఆఫీసరు దాన్ని కంటికి పెట్టుకుని పొయ్యి చూశాడు, మేస్త్రిని చూశాడు, కిటికీ గట్టు మీద పెట్టాడు. మేస్త్రి జీపెక్కబోతూ ఆగి, వాచ్‌మన్‌కి పొట్టు ఎంత తడపాలో పిడికిలి మూసి చూపించాడు. వాచ్‌మన్ అది కూడా పుస్తకంలో రాసుకున్నాడు.

నాలుగున్నరకు అవతలి గొట్టం మీద పొగ పలచబడింది. తెల్లబడింది. పోయింది. అరగంట సేపు ఆ గొట్టం ఇవతలి జవాబు కోసం అలా ఆగి చూసింది. ఇవతల వాచ్‌మన్ లెక్క తప్పకుండా టైర్లు వేస్తూనే ఉన్నాడు.

మేస్త్రి ఆ సాయంత్రం ఇంటికి రాలేదు. తర్వాతా రాలేదు. భార్య మూడుసార్లు గేటు దాకా వచ్చింది. అలాంటి మనిషి ఇక్కడ పనిచేయలేదని మూడోసారి చెప్పారు. బాయిలర్ గది కిటికీ గట్టు మీద నీలం గాజుపలక అలాగే ఉంది, ఒక మూల మసిలో దిగిన బొటనవేలి ముద్రతో.