అద్దాలాయన ప్రశ్న

అద్దాలాయనకు పుట్టుచెవుడు. మాటా రాలేదు, బడికి పంపినవాళ్లు లేరు కాబట్టి చదువూ రాలేదు. కాపురానికొచ్చిన కొత్తలో ఆయన భార్యే చేతులతో ఒక భాష అల్లుకుంది. జడ అల్లినట్టు వేళ్లు కదిపితే అమ్మాయి, గాజు మీద గీత గీసినట్టు చూపుడువేలు లాగితే పని, అరచేయి బోర్లిస్తే చావు. ఆమె పోయాక ఆ భాష తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే మిగిలారు, ఆయనా కూతురూ. గాజు పలకలు కోసిచ్చే ఆయన అద్దాల షాపుకు వచ్చే జనం మాత్రం, అరిస్తే చెవుడు పోతుందన్నట్టు ఆయన ముఖం మీద అరిచేవారు.

కూతురికి ఒకేసారి రెండు సీట్లొచ్చాయి. ఒకటి ఊళ్లోనే ఉన్న పాత యూనివర్సిటీలో, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. రెండోది డ్యూయల్ డిగ్రీ. మొదటి రెండేళ్లు విదేశంలో, తర్వాత రెండేళ్లు ఇక్కడ, చివరికి చేతిలో రెండు దేశాల పట్టాలు. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని పెద్దలంటారు గానీ, ఈ కాలపు చదువుల్లో పెట్టినవాళ్లదే గొప్ప. అద్దాలాయనకు ఆ సీటంటే పిచ్చి. ఎవరొచ్చినా కొలతలు తీయడం మానేసి, రెండు వేళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించేవాడు. రెండు అద్దాలు అంటగడుతున్నాడేమోనని వాళ్లు "ఒక్కటి చాలు" అని అరిచేవారు.

అమ్మాయికీ వెళ్లాలనే ఉంది. పెట్టె కూడా సర్దుకుంది. ఈలోగా ఆయన కడుపునొప్పి చూపించడానికి ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు రిపోర్టులు చూసి ఆమెతో అన్నాడు.

"కడుపులో క్యాన్సరమ్మా. బాగా ముదిరింది. ఏడాది గడిస్తే గొప్పే. ఇక తరచూ వార్డులో ఉండాల్సొస్తుంది. నొప్పెక్కడుందో మాకు చెప్పడానికి ఆయన సైగలు తెలిసిన మనిషి పక్కనే ఉండాలి. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరండీ."

ఏమంటున్నాడని నాన్న చేతులు అడిగాయి. నిజం చెబితే మందులు మానేసైనా తనను విమానం ఎక్కిస్తాడు. మొండితనంలో ఆయన తర్వాతే ఎవరైనా. పుండట, మాత్రలతో తగ్గిపోతుందట అని ఆమె సైగలతో చెప్పింది. ఇంటికొచ్చాక ఇంకో అబద్ధం చెప్పింది. ఆ రెండు పట్టాల సీటు ఆఫీసువాళ్లే రద్దు చేశారనీ, తను పాత యూనివర్సిటీకే వెళ్తాననీ. ఆయన నమ్మాడు. నమ్మి ఊరుకుంటాడనుకుంది, పిచ్చిపిల్ల.

మర్నాడు డ్యూయల్ డిగ్రీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

"ఎవరో పెద్దాయన వచ్చి మీ ఫోటో చూపిస్తున్నారు. ఏం చెబుతున్నారో అర్థం కావట్లేదు, కాస్త వస్తారా?"

ఇంటర్వ్యూ రోజు ఆమెతో కలిసి వెళ్లిన ఆఫీసే, దారి గుర్తుపెట్టుకున్నాడు. ఆమె వెళ్లేసరికి నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆఫీసరు బల్ల ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. ఎవరికీ తల వంచి ఎరగని మనిషి. నిజానికి ఎక్కడికీ పోని సీటు కోసం ఆయన అలా బతిమాలుకుంటుంటే ఆమె ప్రాణం చచ్చిపోయింది.

"ఏమంటున్నారమ్మా నాన్నగారు?" అన్నాడు ఆఫీసరు.

"నాకు ఈ సీటు వద్దంటున్నారండీ."

"అదేంటి? ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు."

నాన్న ఆమె భుజం తట్టాడు. తన చెవి చూపించాడు. గుండె మీద వేలు పెట్టుకున్నాడు. ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు వేళ్లను విడదీశాడు. సీటు పోయింది నా వల్లేనా? తండ్రి చెవిటివాడనా? అడుగు, నేను అడిగానని అడుగు.

ఆయన ఆమె పెదాల వైపే చూస్తున్నాడు. అవి కదలకపోతే అడగలేదని తెలిసిపోతుంది. ఆమె ఏదో ఒకటి అడగాలి.

"సీటు వదులుకుంటున్నానని ఇప్పుడే సంతకం పెట్టి వెళ్లొచ్చాండీ?"

ఆఫీసరు పెద్దాయన వైపు జాలిగా చూసి, మెల్లగా తలూపాడు.

అవునని తలూపితే ఎవరికైనా అర్థమవుతుంది. నాన్న ముఖం పాలిపోయింది. నీ వల్ల కాదు నాన్నా అని చెప్పడానికి ఆమె గబుక్కున చేతులెత్తింది. ఎత్తిన చేతులు అక్కడే ఆగిపోయాయి. అదీ అబద్ధమే.

ఆమె సంతకం పెట్టింది. ఆయన చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని బయటికి నడిచాడు. ఇల్లు చేరేదాకా వాటిని బయటికి తీయలేదు.