బుగ్గల పిల్ల

అయిజ దగ్గర ఒక ఊళ్లో పుష్పమ్మ అంగన్‌వాడీ టీచరు. 2008లో ఆమె దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది బక్కచిక్కి ఉండేవారు. రెండున్నరేళ్ల శిల్ప ఒక్కతే బొద్దుగా, గుండ్రటి ముఖంతో, ఎర్రటి బుగ్గలతో ఉండేది. తల్లి దేవమ్మ, తండ్రి సాంసన్ విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలల్లో పువ్వులకు చేత్తో పుప్పొడి అంటించే క్రాసింగ్ కూలికి పోతూ, పొద్దున్నే పిల్లను అక్కడ దించి వెళ్లేవారు.

నెలనెలా తూకం వేసిన ప్రతిసారీ శిల్ప బరువు పెరుగుతూనే ఉంది. సూపర్‌వైజర్ వచ్చిన రోజు పుష్పమ్మ ఆ పిల్లను ఎత్తుకుని మరీ చూపించింది. దేవమ్మను చూసి నేర్చుకొమ్మని మిగతా తల్లులకు చెప్పింది. దేవమ్మ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాము తినే జొన్నరొట్టె, పచ్చిపులుసుతో పిల్ల అంత లావెట్లా అవుతోందో ఆమెకూ అర్థం కాలేదు. అయినా పైకి అనలేదు.

దసరా దాటాక ఒక మధ్యాహ్నం దేవమ్మ పనికి పోకుండా వచ్చింది. మిగతా పిల్లలు నిద్రపోయేదాకా గుమ్మంలోనే కూర్చుని, తర్వాత శిల్ప ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది. పై పెదవి మీద నూనూగు మీసం, నుదుటి నిండా మొటిమలు. చంకల్లో కూడా వెంట్రుకలు వచ్చాయని మెల్లగా చెప్పింది.

"మూడు నెలల సంది గిట్లనే ఉంది టీచరమ్మా. నలుగురు నవ్వుతరని ఎవ్వరికీ చెప్పలే. గొంతు గూడ మొగపిల్లగాని లెక్క అయ్యింది."

అంతదాకా పుష్పమ్మ ఆ మొటిమలను చెమటకాయలనుకుంది. గొంతు బొంగురును జలుబనుకుంది. మర్నాడే తల్లిదండ్రులనూ పిల్లనూ వెంటబెట్టుకుని గద్వాల దవాఖానకు పోయింది. డాక్టరు పిల్లకు బీపీ చూశాడు. అంత చిన్నపిల్లకు అంత ఎక్కువ ఉండటం నమ్మలేక మళ్లీ చూసి, కర్నూలు పొమ్మన్నాడు.

కర్నూలులో స్కానింగు తీశారు. ఎడమ మూత్రపిండం మీద ఉండే చిన్న గ్రంథిలో నారింజపండంత గడ్డ ఉంది. ఆ లావు, ఆ మీసం, ఆ గొంతు అన్నీ గడ్డ వదులుతున్న హార్మోన్ల వల్లేనని, లక్షల మంది పిల్లల్లో ఏ ఒక్కరికో వచ్చే క్యాన్సర్ అని డాక్టరు చెప్పాడు.

"అయితే అది బలం కాదా సార్?" అని సాంసన్ అడిగాడు.

హైదరాబాదులో ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. కానీ అది అప్పటికే చిట్లి ఉంది. రెండు నెలల్లో శిల్ప బుగ్గలు తగ్గి, ముఖం చిన్నపిల్ల ముఖమైంది. ఆపరేషన్ చేయించి బంగారం లాంటి పిల్లను పాడుచేశారని ఊళ్లోవాళ్లు అన్నారు. సంక్రాంతి తర్వాత ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ మచ్చలు కనపడ్డాయి. దీనికి వాడే అసలు మందు ఇక్కడ దొరకడం కష్టమని, దొరికినా నయమవుతుందని చెప్పలేమని డాక్టర్లు అన్నారు. ఉన్న మందులే సూదుల ద్వారా నాలుగు విడతలు ఎక్కించి, ఎండాకాలంలో ఇంటికి పంపేశారు.

పుష్పమ్మ రోజూ పోయి చూసి వచ్చేది. చేయగలిగింది ఏమీ లేదు. ఒకరోజు దేవమ్మ పిల్ల నోట్లో చెంచాతో నీళ్లు పోస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"నువ్వు మెచ్చుకున్ననాడు నాకు మస్తు సంతోషమైంది టీచరమ్మా. అప్పుడే దవాఖానకు పోయుంటే బతుకుతుండెనా?"

ఆ ప్రశ్న పుష్పమ్మ ఆపరేషనుకు తోడు వెళ్లినప్పుడు హైదరాబాదులోనే డాక్టరును అడిగింది. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు మొత్తంగా తీసేస్తే చాలామంది పిల్లలు బతుకుతారని ఆయన చెప్పాడు.

"నాకు తెల్వదు దేవమ్మా," అంది పుష్పమ్మ.

తొలకరికి ముందే శిల్ప చనిపోయింది. ఆ ఏడు కూడా దేవమ్మ, సాంసన్ క్రాసింగ్ పనికి పోయారు. దారిలో ఎదురుపడితే దేవమ్మే ముందుగా ఆగి, తిన్నవా టీచరమ్మా అని పలకరించేది. తిన్నానని చెప్పి పుష్పమ్మ గబగబా నడిచి వెళ్లిపోయేది.