సారు వాకిట్లో భోజనం

సోమక్క గంజి వారుస్తోంది. పెద్ద డేగిసా చెవులకు గోనెగుడ్డ చుట్టి, తుంటితో తోస్తే తప్ప ఆ బరువు వంగదు. ఆవిరికి ముఖం తిప్పుకోవడం ఆమె ఎప్పుడో మానేసింది. ముంజేతుల నిండా కాలిన మచ్చలు. మాడిపోయిన ఎడమ కనుబొమ్మ సగమే మళ్లీ మొలిచింది. ఎర్రబోరు దాటాక రోడ్డు పక్కనున్న ఈ ఆశ్రమ బడి తడికెల పాకగా ఉన్నప్పుడు వంటకు వచ్చింది. తడికెలు పోయి రేకులొచ్చాయి, రేకులు పోయి స్లాబు వచ్చింది, సోమక్క మాత్రం పొయ్యి దగ్గరే ఉండిపోయింది. ఆమె చేతి అన్నం తిన్నవాళ్లలో నర్సులయ్యారు, పోలీసులయ్యారు. వారపు సంతలో కనబడితే ‘వంటక్కా’ అని పిలుస్తారు. పేరు గుర్తున్నవాళ్లు తక్కువ.

బయట బడి వార్డెను, అధీక్షక్ బాబూరావు గుమ్మాలకు రంగు కాగితాలు కట్టిస్తున్నాడు. బడి ఎంత శుభ్రంగా ఉందో చూడడానికి సుక్మా జిల్లా ఆఫీసు నుంచి మేడం వస్తోంది. అతని గొంతు వినబడినప్పుడల్లా సోమక్క పళ్లు బిగుసుకుంటున్నాయి.

బోరులో నీళ్లు తగ్గాయని బాబూరావు పిల్లల స్టీలు పళ్లాలు గదిలో పెట్టి తాళం వేశాడు. కడిగే పని లేకుండా థర్మాకోల్ ప్లేట్లు తెప్పించాడు. తిన్నవి తిన్నట్టు, ఎంగిలి మెతుకులతో సహా, బడి వెనక వాగులో పోయించాడు. రోడ్డు వైపు పోస్తే పెద్దవాళ్ల కంట పడతాయి. వాగు వైపు ఉన్నది సోమక్క గూడెం. అక్కడివాళ్ల కళ్లు ఎవరిక్కావాలి? ఎండాకాలంలో ఆమె కాడెద్దుల్లో ఒకటి మేత మానేసి, పొట్ట ఉబ్బి చచ్చింది. భర్త భీమా కోసి చూస్తే, కడుపులో రెండు చేతులతో ఎత్తాల్సినంత తెల్లటి ముద్ద. ఒంటెద్దుతో సేద్యం సాగుతుందా? వానలొచ్చాయి, అందరి చేలూ పచ్చబడ్డాయి, ఆమె చేను బీడుగా ఉంది. ఆ ముద్దను తట్టలో పెట్టుకెళ్లి చూపిస్తే బాబూరావు ముక్కు మూసుకున్నాడు.

“ఎద్దును కట్టేసుకోవాలె గదా,” అన్నాడు.

ఎద్దు చావు ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. అతని కూరలో ఉమ్మేద్దామని సోమక్క ఎన్నోసార్లు గిన్నె మూత తీసింది. వండే చెయ్యి కదా, ఒప్పుకోలేదు. కసి మాత్రం పోలేదు. నిజం చెప్పాలంటే ఆమే పోనివ్వలేదు, నిప్పు మీద బూడిద కప్పి దాచినట్టు దాచుకుంది.

తొమ్మిదో తరగతి దుర్గ వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. గొల్లపల్లి పిల్ల, మోకాళ్ల దాకా బురద. ఎద్దు సంగతి విన్నాక, ఆ ప్లేట్లు ముట్టేది లేదని తన తరగతివాళ్లందర్నీ కూడగట్టింది ఈ పిల్లే. ఆదివారాలు అడవికి పోయి అడ్డాకులు తెస్తారు. చిన్న తరగతులవాళ్లకు మాత్రం ఇంకా ఆ ప్లేట్లే. వెదురు పుల్లలతో విస్తరి కుట్టడం సోమక్కే నేర్పింది.

“అక్కా, వాగుల ఉన్నయన్నీ ఏరినం. సంచులు నిండినయి.”

“ఏం జేస్తరే వాటిని?”

“సారు వాకిట్ల పెడతం. ఆడనే కూసోని తింటం. మీ గూడెంల జేస్తరు సూడు, అట్ల.”

గూడెంలో ఆ పద్ధతి ఉంది. తప్పు చేసినవాడు ఒప్పుకోకపోతే, ఊరంతా అన్నం మోసుకుపోయి వాడి వాకిట్లో కూర్చుని తింటుంది. ఎవరూ తిట్టరు. వాడి గడప ముందు వాడికీ ఒక విస్తరి వేసి వడ్డిస్తారు. వాడొచ్చి ఒక్క ముద్ద తింటే తప్పు ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత పగ పట్టినవాళ్లు పగ వదిలేయాలి, మళ్లీ ఆ ఊసెత్తకూడదు. తినకపోతే విస్తరి అక్కడే ఉంటుంది. దాన్ని ఎవరూ ఎత్తరు, ఆ గడప ఎవరూ తొక్కరు.

“సారు తింటే?” అంది సోమక్క.

“తింటే అయిపాయె. పళ్లాలు బయటికొస్తయి, వాగుల పొయ్యుడు ఆగుతది. మనకు గావాల్సింది గదే గదా అక్కా.”

సోమక్క పొయ్యిలో కట్టె ఎగదోసింది. ఆమెకు కావలసింది అదొక్కటే కాదు.

మేడం జీపు దిగేసరికి భోజనాల గది ఖాళీగా ఉంది. పిల్లలంతా అధీక్షక్ క్వార్టరు వాకిట్లో బారులు తీరి కూర్చున్నారు. ముందు విస్తర్లు, వెనక గోనెసంచులు, వాటి నుంచి వాగు కంపు. సోమక్క గరిటె పట్టుకుని వడ్డిస్తోంది.

“యే క్యా హై, బాబూరావ్‌జీ?” అంది మేడం.

దుర్గ లేచి హిందీలో చెప్పింది. ఎద్దు దగ్గరికి వచ్చేసరికి గొంతు గట్టిపడింది.

బాబూరావు ఆ ప్రాంతంవాడే, పద్ధతి ఎరిగినవాడే. ఒక్క ముద్దతో పోయేదాన్ని ఉద్యోగం మీదికి తెచ్చుకునేంత తెలివితక్కువవాడు కాదు. చెప్పులు విడిచి, నవ్వుతూ, తన విస్తరి ముందు గొంతుక్కూర్చున్నాడు.

“పెట్టు సోమక్కా. పిల్లలు అన్నది నిజమే. తింట.”

పిల్లల ముఖాలు వెలిగాయి. మేడం మెచ్చుకోలుగా తలూపింది.

సోమక్క గరిటె గాలిలో ఆగిపోయింది. ఆ ముద్ద అతని గొంతు దిగితే ఎద్దు మాట ఇక ఎత్తకూడదు. దున్నని చేను గురించి అడగకూడదు. ఇంత చేసి, మేడం ముందు మంచివాడనిపించుకుని, మూతి తుడుచుకుని లేచిపోతాడా? ఆమె పక్కనున్న సంచిలో చెయ్యి పెట్టి ఒక ప్లేటు లాగింది. అంచు విరిగింది, అడుగున నాచు పట్టింది. విస్తరిని పక్కకు తీసి ఆ ప్లేటు అతని ముందు పెట్టింది. అన్నం పెట్టింది. పప్పు ఒక గరిటె ఎక్కువే పోసింది.

“అక్కా, ఆకుల పెట్టు,” అంది దుర్గ మెల్లగా.

“నా ఎద్దు తిన్నది దీంట్లనే. తిను సారూ.”

బాబూరావు చెయ్యి చాపాడు. కంపు కొట్టి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ చాపాడు. పిల్లలందరూ అతని చేతినే చూస్తున్నారు. చివరికి లేచి నిలబడ్డాడు, చెవులు ఎర్రబడ్డాయి.

“రేపట్నించి నువ్వు పన్లకు రాకు.”

“రాను సారూ,” అంది సోమక్క. ఆమెకు దుఃఖం రాలేదు. ఎండాకాలం తర్వాత మొదటిసారి ఒళ్లంతా తేలికైంది.

మేడం అక్కడికక్కడే పళ్లాల గది తాళం తీయించింది. సోమక్క గరిటె తెచ్చి దుర్గ చేతిలో పెట్టింది. ఆ పిల్ల కళ్లు నిండి ఉన్నాయి.

“ఒక్క ముద్ద తిననిస్తే నీ పని ఉండేది గదక్కా.”

“మీది మీకొచ్చింది పిల్లా. నాది నాగ్గావాలె.”

వాగు దారి పట్టి, కొంగు నడుముకు దోపుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

సాయంత్రం పిల్లలు విస్తర్లు ఎరువు గుంతలో వేశారు. సంచుల్ని ట్రాక్టరు తీసుకుపోయింది. గడప ముందున్న ప్లేటు ఎత్తమని బాబూరావు చెబితే, బడి ఊడ్చే ముయా చీపురు కింద పెట్టి, తల అడ్డంగా ఊపాడు. బాబూరావు పెరటి తలుపు గుండా ఇంట్లోకి పోయాడు. చీకటి పడకముందే వాన పట్టుకుంది. పప్పు కారిపోయింది, మెతుకులు కొట్టుకుపోయాయి, ప్లేటు మాత్రం గడప ముందే ఉంది.