ఆగని పెట్టె

మా మరిది పన్ను ఊడి కీబోర్డు మీద పడింది. మా ఆయన పిడికిలి ఇంకా కిందికి దిగలేదు. ఇంతకీ గొడవ దేని మీదంటే, ఇంట్లో ఉన్న సర్వరుకి ఏ యాంటీవైరస్ మంచిదన్న దాని మీద. నవ్వుతారేమో, నవ్వండి. నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదు.

సర్వరంటే పెద్ద యంత్రమేమీ కాదు. నా ఎంబ్రాయిడరీ మిషన్ పక్కన, గుడ్డల తానుల మధ్య ఉండే నల్లటి ఇనప పెట్టె. పెళ్లయినప్పటి నుంచి నేను గీసిన డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. మెడపట్టీలు, చేతి అంచులు, దిండు గలీబులు, ఒకటని కాదు. ఆ పెట్టెలోంచి డిజైన్ వస్తేనే నా మిషన్ సూది కదులుతుంది.

కొన్నాళ్లుగా ఆ పెట్టె ఆగనని మొండికేసింది. ఆపమని నొక్కితే తెర మీద 'ఆగుతోంది' అని వచ్చి చుక్కలు గిరగిరా తిరుగుతాయి. అన్నం తిని, గిన్నెలు కడిగి వచ్చినా అలాగే తిరుగుతుంటాయి. చివరికి ఎవరో ఒకరు విసుగెత్తి, బటన్ నొక్కిపట్టి, పీక నులిమినట్టు ఆపేవారు. అలా ఆపినప్పుడల్లా నా డిజైన్ ఏదో ఒకటి పాడయ్యేది. మొన్న హంస బొమ్మ తెరిస్తే మెడ లేదు.

"ఇంకో డిస్కులోకి కాపీ చేసి పెట్టండి" అని మా ఆయన్ని ఎన్నిసార్లు బతిమాలానో. "ముందు వైరస్ సంగతి తేలనీ. దాంతో సహా కాపీ చేస్తే రెండూ పోతాయి" అనేవాడు. ప్రెస్సులో పుస్తకాలకు అట్టలు చేసే మనిషి. కంప్యూటర్ సంగతులు తనకే తెలుసని నమ్మకం. ఫోన్లు బాగుచేసే మా మరిదికీ సరిగ్గా అదే నమ్మకం.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ పెట్టె ముందు కూర్చుని, లోపల ఏమేం నడుస్తున్నాయో చూశారు. యాంటీవైరస్‌లు రెండు కనిపించాయి. ఒకటి మా ఆయన కొని పెట్టింది. ఇంకొకటి మరిది అన్నకు చెప్పకుండా పెట్టిన ఉచితంది. దానికి ఇది దొంగ, దీనికి అది దొంగ. పెట్టె ఆగే ముందు ప్రతి ఫైలునూ తానే చూడాలని ఒకటి పట్టుకుంటే, రెండోది దాన్ని పట్టుకుంటోంది. ఇక పెట్టె ఎలా ఆగుతుంది?

"ఒకటి తీసేస్తే సరిపోతుంది కదా," అన్నాను.

"నీది తియ్యరా," అన్నాడు మా ఆయన.

"నాదెందుకు తియ్యాలి? నీదే మెషీన్ని నమిలేస్తోంది. సగం మెమరీ దానికే."

"ఊరికే వచ్చిందాన్ని నమ్మి ఇల్లంతా తెరిచి పెట్టమంటావా? బుద్ధుందా నీకు?"

"బుద్ధంతా నీ దగ్గరే ఉందిగా! నాన్న పోయినప్పటి నుంచి అన్నీ నువ్వే తేలుస్తున్నావు. చివరికి నేనేం ఇన్‌స్టాల్ చెయ్యాలో కూడా."

అంతే. పన్ను ఊడింది అప్పుడే.

మరిది నోటి నిండా రక్తంతో లేచి, బల్ల మీదున్న స్క్రూడ్రైవర్ తీసుకుని పొడిచాడు. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. అది బొటనవేలి కింద దిగబడింది. ఆయన అరవను కూడా అరవలేదు. దాన్ని పీకి పారేసి, తమ్ముడి జుట్టు పట్టుకుని, తలను నా మిషన్ అంచుకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. దారపు రీళ్లు గదంతా దొర్లాయి. నేను కుడుతున్న తెల్లగుడ్డ మీద రక్తం చిందింది. "ఆపండి, చచ్చిపోతాడు!" అని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటూనే ఉన్నాను. నన్ను చూస్తేగా!

మరిది నేల మీద కూలబడ్డాడు. అప్పుడు మా ఆయన సర్వరును తీగలతో సహా పైకెత్తాడు.

"దీనికోసమేగా ఇదంతా? తీసుకో!"

తమ్ముడి తల సరిగ్గా దాని కిందే ఉంది.

నా కష్టమంతా ఆ పెట్టెలో ఉంది. ఆయన చేతుల్లోంచి జారితే ఇక అది మిగలదని నాకు తెలుసు. తెలిసే, గుడ్డ కొలిచే ఇనప బద్ద అందుకుని, ఆయన మణికట్టు మీద బలంకొద్దీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. పెట్టె మరిది చెవి పక్కగా వచ్చి నేలకు కొట్టుకుంది. ఫ్యాన్ కీచుమని అరిచి ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఎవరెన్ని చేసినా ఆగని పెట్టె, ఇప్పుడు ఆగింది.

వంగి దాన్ని కదిపి చూశాను. డిస్కులో ఏదో గలగలమంది. దానికి అర్థమేమిటో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

నేను తలెత్తేసరికి మరిది పాక్కుంటూ అన్న దగ్గరికి చేరాడు. తన చొక్కా విప్పి ఆయన విరిగిన చేతికి చుడుతున్నాడు. ఆయన రెండో చేత్తో తమ్ముడి పగిలిన నుదురు తుడుస్తున్నాడు.

"నొప్పిగా ఉందా రా?"

"నాకేం కాలేదన్నయ్యా. ముందు నీ చెయ్యి చూడు."

చూడముచ్చటగా ఉన్నారు ఇద్దరూ. కట్టు కట్టడం అయ్యాక మరిది నా వైపు తిరిగాడు. నేను కాపాడిన తలే అది.

"ఏంటొదినా ఇది? ఆడమనిషివి, అంత గట్టిగా కొడతావా? అన్నదమ్ములం, ఏదో మాటా మాటా అనుకున్నాం. మధ్యలో నువ్వెందుకు దూరావు?"

"దీనికి మొదట్నుంచీ తొందరెక్కువ రా," అన్నాడు మా ఆయన. "చూడు, పెట్టె కూడా నాశనమైంది."

బద్ద ఇంకా నా చేతిలోనే ఉంది. ఆ సంగతి ముందుగా మా ఆయనే గమనించాడు.